రైల్వే ఛాయాచిత్రాల్లో ఆలంబనం ఎవరు? – మూడు చిత్రాల పరిశీలన

వ్యాససంగ్రహం:
పాతబడిన రైల్వేవ్యవస్థ చుట్టూ సాగే దైనందిన జీవితం ఛాయాచిత్రకారులకు ఇష్టమైన వస్తువు. భారతీయ రైల్వేకు సంబంధించిన మూడు ప్రసిద్ధ చిత్రాలను విభావభావన ఆధారంగా పరిశీలించి, మనిషికీ యంత్రానికీ ఏ చిత్రం ఏ స్థానాన్ని ఇచ్చిందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, భారతీయ రైల్వే, విభావం, స్టీవ్ మెక్‌కరీ, సెబాస్టియావ్ సల్గాడో, రఘు రాయ్.

1. ప్రవేశిక

భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచింది. ఇంత సుదీర్ఘ చరిత్ర గల వ్యవస్థను చిత్రించేటప్పుడు దాని వార్ధక్యం కెమెరాను ఆకర్షించడం సహజం. అయితే కంటికి కనిపించే పాతదనం వేరు, వాడుకలో అనుభవానికి వచ్చే పాతదనం వేరు. ఛాయాచిత్రం ఈ రెండింటిలో దేనిని పట్టుకుంటుందన్నది పరిశీలించవలసిన విషయం.

ఇందుకు అలంకారశాస్త్రంలోని విభావభావన ఉపకరిస్తుంది. లాక్షణికులు విభావాన్ని ఆలంబనం, ఉద్దీపనం అని రెండు విధాలుగా చెప్పారు. భావం ఎవరిని ఆశ్రయించి పుడుతుందో వారు ఆలంబనం. ఆ భావాన్ని పెంపొందించే పరిసరం ఉద్దీపనం. శృంగారంలో నాయికానాయకులు ఆలంబనమైతే వెన్నెల, మలయమారుతం ఉద్దీపనాలు. దైనందిన జీవితాన్ని చూపుతున్నామనే చిత్రంలో ఆలంబనం కావలసింది మనిషి. ఆ స్థానం యంత్రానికో, పొగకో దక్కితే చిత్రం తన ప్రతిజ్ఞకు దూరమవుతుంది.

2. ఆగ్రా, 1983: ఉద్దీపనమే ఆలంబనమైన చిత్రం

స్టీవ్ మెక్‌కరీ 1983లో ఆగ్రాలో తీసిన వర్ణచిత్రంలో ముందు ఆవిరియంత్రం, వెనుక మసకగా తాజ్‌మహల్ కనిపిస్తాయి. ఇంజను ముందుభాగాన మనుషులు నిలబడి ఉన్నారు. పాల్ థెరూ రచనతో కలిసి 1985లో వెలువడిన ‘ది ఇంపీరియల్ వే’ కూడా మెక్‌కరీ ఆ కాలంలో చేసిన రైలుప్రయాణాల ఫలమే. పెషావర్ నుంచి చిట్టగాంగ్ వరకు సాగిన ఆ దారి అప్పటికే మూడు దేశాల రైల్వేల మధ్య విడిపోయింది. గ్రంథనామం మాత్రం సామ్రాజ్యకాలాన్నే స్మరిస్తుంది.

ఆగ్రా చిత్రంలోని అందాన్ని కాదనలేం. ఆవిరియంత్రాలు అప్పటికింకా నిత్యవ్యవహారంలో ఉన్నాయి. కాబట్టి దృశ్యం కల్పితం కాదు. చిత్తరంజన్ కర్మాగారం ఆవిరియంత్రాల తయారీని ముగించింది 1972లో. అంటే ఈ చిత్రం తీసేనాటికి పదకొండేళ్లు మాత్రమే గడిచాయి. అలాంటి యంత్రాన్ని 17వ శతాబ్దపు కట్టడం ముందు నిలపడంతో రెండూ ఒకే గతానికి చెందినట్లు తోస్తాయి. యంత్రం తన వయసుకు మించి ముసలిదవుతుంది. దానిపై ఉన్న మనుషులు పనివారో ప్రయాణికులో తెలుసుకోవాలన్న ఆసక్తి చూపరికి కలగదు. వారు దృశ్యపరిమాణాన్ని సూచించే గుర్తులుగా మిగిలిపోతారు. ఉద్దీపనం ఆలంబనాన్ని తోసి ఆ స్థానాన్ని ఆక్రమించడమంటే ఇదే.

3. చర్చిగేట్, 1995: ఒకే చోటు, రెండు చూపులు

సల్గాడో, రఘు రాయ్‌లు 1995లో ముంబయిలోని చర్చిగేట్ స్టేషన్‌ను చిత్రించారు. రెండూ నలుపు తెలుపు చిత్రాలే. రెండింటిలోనూ షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచడం వల్ల కదిలే జనం చెరిగిన రేఖలుగా మారారు. ఒకే స్థలం, ఒకే సంవత్సరం, ఒకే సాంకేతికోపాయం. అయినా ఫలితాలు వేరు.

సల్గాడో కెమెరా ఎత్తు నుంచి చూస్తుంది. జనం వరదనీటిలా ప్రవహిస్తుంటే రైళ్లు స్థిరంగా నిలిచి ఉంటాయి. ఇక్కడ ఆలంబనం సమూహమే కాని వ్యక్తి కాదు. ఈ చిత్రం 2000లో వెలువడిన ‘మైగ్రేషన్స్’ గ్రంథంలో చోటు పొందింది. వలసలతో పెరిగిన నగరం కనుక ఆ చేర్పు అకారణం కాదు. కానీ ఉదయం పనికి వెళ్లి సాయంత్రం ఇంటికి చేరే రోజువారీ ప్రయాణికుడు, ఆ సందర్భంలో ఇల్లు వదిలివచ్చినవాడిగా కనిపిస్తాడు. దైనందినం విపత్తుగా రూపాంతరం చెందుతుంది.

రఘు రాయ్ ప్లాట్‌ఫారం మీద, మనిషి ఎత్తులో నిలబడ్డారు. చుట్టూ జనప్రవాహం చెరిగిపోతుంటే, కూర్చుని వార్తాపత్రికలు చదువుకుంటున్న కొందరు స్ఫుటంగా కనిపిస్తారు. రద్దీని చూపే ఉపాయమే ఇక్కడ స్థిమితాన్నీ చూపింది. ప్రవాహం ఉద్దీపనమై పాఠకుల నిశ్చలతకు బలమిచ్చింది. వారు రైల్వేకు బాధితులు కారు, అలంకారాలూ కారు. దానితో కలిసి బతకడం నేర్చినవారు. ఈ మార్గంలో విద్యుత్ రైళ్లు 1928లోనే మొదలయ్యాయి. 1995 నాటికి అదీ పాత వ్యవస్థే. పొగ లేనందున ఆ పాతదనం కంటికి ఆనదు. మనుషుల అలవాటులోనే అది వ్యక్తమవుతుంది.

4. సిద్ధాంతపరిమితి

కావ్యనాయిక కవికల్పన. ఛాయాచిత్రంలోని మనిషి సజీవవ్యక్తి. తనను ఏ భావానికి ఆలంబనం చేస్తున్నారో అతనికి తెలియదు, ఒప్పుకొనే అవకాశమూ ఉండదు. కాబట్టి చిత్రవిమర్శలో రసచర్చతో పాటు ఆ వ్యక్తికి జరిగిన న్యాయాన్యాయాల చర్చ కూడా అవసరం. అందుకే సల్గాడో చిత్రం రసదృష్టితో ఎంత సమర్థమైనదైనా, దానిని ఏ గ్రంథంలో, ఏ శీర్షిక కింద ఉంచారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మరొక లోటు ఈ మూడు చిత్రాలకూ సమానం. రోజూ తన పరిధిలోని పట్టాల వెంట నడిచి సడలిన బిగింపులను సరిచేసే కీమన్, కంకరను సర్దే గ్యాంగ్‌మన్, వానాకాలపు రాత్రి దీపంతో గస్తీ తిరిగే కాపలాదారు వీటిలో లేరు. ఒక్క చిత్రం అన్నిటినీ చూపాలనడం అనుచితం. అయితే ఒక రైల్వే నిత్యజీవితానికి ఇవే ప్రతీకలుగా స్థిరపడినప్పుడు, ఆ వ్యవస్థను నిలబెట్టే శ్రమ లెక్కలోకి రాకుండా పోతుంది.

5. ముగింపు

పాతదనం ఆలంబనమైతే రైల్వే స్మరించి విడిచిపెట్టదగిన వస్తువుగా తోస్తుంది. మనిషి ఆలంబనమైతే అది బాగుచేసుకోవలసిన ప్రజావసరంగా కనిపిస్తుంది. ఈ మూడింటిలో రఘు రాయ్ చిత్రం రెండో దృష్టికి దగ్గరగా ఉంది. 1992లో ఆరంభమైన యూనిగేజ్ పథకంతో రాయలసీమలోని మీటర్ గేజ్ మార్గాల రూపం మారింది. ఆ మార్గాల పాత ఛాయాచిత్రాలను సేకరించి అధ్యయనం చేసే పరిశోధకులు ఇంజను రకం, స్టేషన్ పేరు నమోదు చేయడంతో ఆగక, చిత్రంలో ఉన్న మనిషి ఏ పనిలో ఉన్నాడో, ఎవరు చట్రానికి వెలుపల ఉండిపోయారో కూడా నమోదు చేయడం అవసరం.