నదిలో పెట్టె, నగరంలో సింహాసనం

వీరుల జననగాథలపై ఆటో రాంక్ 1909లో జర్మన్‌లో వెలువరించిన గ్రంథంలో అక్కాదు రాజు సార్గాన్, సైరస్, రోములస్, మన కర్ణుడు ఒకే వరుసలో నిలుస్తారు. విడిచిపెట్టిన పసిబిడ్డ, పరాయి పెంపకం, చివరికి ఔన్నత్యం - ఈ పోలికలను కూర్చి చూపడం ఆయన ఘనతే. అయితే కారణాన్ని పసిమనసు ఊహల్లో వెతకడంవల్ల కథ చెప్పినవారి అవసరం మరుగున పడింది.

సార్గాన్ క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది రాజు. అతని జననగాథకు దొరికిన ప్రతులు మొదటి సహస్రాబ్దివి. అక్కాదీ భాషలో 'షర్రు-కీన్' అంటే 'న్యాయమైన రాజు'. హక్కుపై సందేహం ఉన్నచోటే ఇటువంటి పేరు అక్కరపడుతుంది. క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా రాజు రెండవ సార్గాన్‌దీ అదే పేరు. గాథ అతని కాలంలోనే రూపొందిందని కొందరు పండితుల అభిప్రాయం.

కర్ణుడూ పెట్టెలోనే కొట్టుకువచ్చాడు. కాని హస్తినాపుర సింహాసనం అతనికి దక్కలేదు. పోలిక దగ్గరే ఆగితే ఈ తేడా కనబడదు. ఇంట విన్న రాజుల కథలు సేకరించే మన విద్యార్థులు వాటిని ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చెప్పారో కూడా రాసుకోవాలి.