పరిగె ఏరే చేతులు

ఫ్రెంచి చిత్రకారుడు జఁ ఫ్రాన్స్వా మిలే 1857లో పారిస్ సలోన్‌లో పెట్టిన బొమ్మలో ముగ్గురు ఆడవాళ్లు పరిగె ఏరుతుంటారు. కోత అయిపోయింది. దూరంగా కుప్పలు, నిండిన బండి, గుర్రమ్మీద పెత్తందారు. ముందు కొయ్యకాళ్ల మధ్య వీళ్లు. పంట వీళ్లది కాదు, రాలిన కంకులు మాత్రం పాత ఆచారం ప్రకారం గరీబులవి. పరిగె అనే మాట మన పల్లెల్లోనూ ఉంది కాబట్టి బొమ్మలో ఏం జరుగుతుందో మాకు ఏ పండితుడూ విప్పి చెప్పనక్కర లేకపోయింది.

ఉర్దూలో పరిగె ఏరేవాణ్ణి ఖోషాచీన్ అంటారు. అయితే ఆ మాట పొలంలో కన్నా అదబ్‌లోనే ఎక్కువ వినిపిస్తుంది. ఉస్తాదుల పొలంలో నాలుగు కంకులు ఏరుకున్నామని షాయర్లు వినయంగా చెప్పుకుంటారు. నడుం నొప్పి పోయి నజాకత్ మిగిలింది. మిలే బొమ్మకూ చివరికి అదే గతి పట్టింది.

మొదట అట్లా లేదు. 1848 విప్లవం జరిగి అప్పటికి తొమ్మిదేళ్లే. ఈ ముగ్గురిని చూసి పారిస్ విమర్శకులు కొందరు హడలిపోయారు. ఒకాయనకైతే వాళ్ల వెనక 1793 నాటి గిలటిన్ వేదికలు కనిపించాయి. ఆ భయాన్ని మేం వెక్కిరించం. తర్వాత పొగిడినవాళ్ల కన్నా భయపడ్డవాళ్లే బొమ్మను దగ్గరగా చూశారు. అప్పుడు 3000 ఫ్రాంకులకు పోయింది. మిలే చనిపోయిన పద్నాలుగేళ్లకు, 1889లో, షాంపేన్ వ్యాపారం చేసే పొమ్మెరీ అనే ఆవిడ దాన్ని 3 లక్షలకు కొన్నది.

ఇక శ్రమకు గౌరవం తెచ్చిన బొమ్మ అని పుస్తకాలన్నీ ఒకే పాట. మిలే నార్మండీ రైతు బిడ్డ, సోషలిస్టును కానని చెప్పుకున్నవాడు. వంగిన వీపు బరువు తెలిసే గీశాడు, అందులో అబద్ధం లేదు. కానీ ముఖాలు నీడలో ఉన్నాయి. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడరు, తిట్టుకోరు, గుర్రమ్మీదివాడి వైపు ఓరచూపైనా చూడరు. 1849లో కూర్బే గీసిన రాళ్లు కొట్టేవాళ్లకూ ముఖాల్లేవు. గరీబోళ్లకు నోరుంటుందన్న సంగతి ఆ వాస్తవికతకు అంతగా పట్టలేదు. ఆ మౌనాన్నే గౌరవమంటే మేం ఒప్పుకోం.

ఒక్క చెయ్యి మాత్రం మమ్మల్ని ఆపేస్తుంది. ఎడమ పక్క ఆమె ఒక చేత్తో నేల తడుముతూ, రెండోది నడుమ్మీదికి మడిచి, ఆ పిడికిట్లో ఏరిన కంకులు పట్టుకుంది. పొద్దంతా వంగినవాళ్లకు ఒంటికి పట్టే ఒడుపు అది. అది గీసినప్పుడు మిలే పారిస్ కోసం గీయలేదు.