చేదును రుచిగా మార్చే చెయ్యి

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మే నెలలో పొద్దు వాలినా వేడి దిగదు. ఆ వేళ ఇంట్లో శ్రద్ధగా కలిపిన జిన్ అండ్ టానిక్‌కు సాటి లేదు. పొడవాటి గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు వేయాలి. చిన్నవైతే త్వరగా కరిగి రుచి పలచబడుతుంది. 50 మి.లీ. జిన్ పోశాక, గ్లాసు వంచి 150 మి.లీ. చల్లటి టానిక్‌ను అంచు వెంట నెమ్మదిగా జారవిడిస్తే బుడగలు పోవు. స్పూనుతో ఒక్కసారే తిప్పాలి. చివర్లో నిమ్మతొక్కను అంచుకు రుద్దితే గుక్క కంటే ముందే వాసన పలకరిస్తుంది.

టానిక్‌లోని చిరుచేదు క్వినైన్‌ది, ఒకప్పటి మలేరియా మందుది. మింగలేని చేదును ఇష్టంగా తాగేలా చేసేది ఖరీదైన సీసా కాదు, కొలత తప్పని చెయ్యి. చెయ్యి తిరిగిన ప్రతి ఇంటివారికీ నా మెచ్చుకోలు.