మూసే దగ్గర మునిగే ఫైలు

ఈ వారం కంటపడ్డ ఒక సి ప్లస్ ప్లస్ పాఠం చిరాకు తెప్పించింది. ఫైలు చదవడం, రాయడం చక్కగా నేర్పింది గానీ, రాసింది డిస్కుకు చేరిందా అని ఒక్కచోటా అడగలేదు. తప్పు జరిగితే ప్రోగ్రాం నోరు విప్పాలన్న నా పట్టు ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. ఈ భాషలో స్ట్రీములు మాత్రం మౌనంతోనే పుట్టాయి. ఏటీ అండ్ టీలో జెర్రీ ష్వార్ట్జ్ తిరగరాసిన ఐవోస్ట్రీమ్ 1989లో సి ప్లస్ ప్లస్ 2.0 విడుదలతో వచ్చేనాటికి భాషలో ఎక్సెప్షన్లే లేవు. అందుకే స్ట్రీము తనలో ఒక బిట్టు పెట్టుకుని ఊరుకుంటుంది: మామూలు వైఫల్యానికి ఫెయిల్‌బిట్, గట్టి దెబ్బకు బ్యాడ్‌బిట్, ఫైలు చివరికి ఈవోఎఫ్‌బిట్. ఏ బిట్టుకు ఎక్సెప్షన్ విసరాలో ఈనాటికీ ప్రోగ్రామరే చెప్పాలి.

అన్నిటికీ విసరమంటే సరిపోదా? ఫెయిల్‌బిట్‌కు విసరమని చెప్పి, గెట్‌లైన్‌తో ఫైలును వరసగా చదివి చూడండి. ఆఖరి వరస అయ్యాక మరోసారి చదవబోతే అక్షరం దొరకక ఈవోఎఫ్‌బిట్‌తో పాటు ఫెయిల్‌బిట్ కూడా పడుతుంది. ఏ లోపమూ లేని ఫైలు సక్రమంగా ముగిసినందుకు ఎక్సెప్షన్! వయసు అడిగితే ఒకరు ‘ముప్ఫై’ అని అక్షరాల్లో కొట్టారనుకోండి, అదీ ఫెయిల్‌బిట్టే. మనుషులు అలాగే కొడతారు. అక్కడికక్కడే ఇఫ్‌తో పట్టుకుని, క్లియర్‌తో బిట్టు తుడిచి, మిగిలిన అక్షరాలను ఇగ్నోర్‌తో పారేసి మళ్లీ అడగడమే పద్ధతి. పైగా జీసీసీ లైబ్రరీలో ఆ ఎక్సెప్షన్ సందేశం స్ట్రీములో తప్పు జరిగిందంటుందే తప్ప ఏ ఫైలో చెప్పదు.

ఇఫ్ రాయడం మరిచిపోతారు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ మరుపు కొంప ముంచేది బ్యాడ్‌బిట్ దగ్గర. డిస్కు నిండి రాత ఆగిపోతే మళ్లీ అడిగి లాభం లేదు, రాస్తున్న ఫంక్షను చేయగలిగిందీ లేదు. కాబట్టి విసరాల్సిందే. అయితే అసలు నష్టం ఎక్కువగా ఫైలు మూసే దగ్గర జరుగుతుంది. కొద్దిపాటి రాత బఫర్లోనే ఉండి, మూసేటప్పుడే కదులుతుంది. ఆ పని డిస్ట్రక్టర్‌కు వదిలేస్తే వైఫల్యం అక్కడే సమాధి అవుతుంది, బిట్టు చూద్దామన్నా ఆబ్జెక్టు మిగలదు. మనమే క్లోజ్ పిలిస్తే తప్పు తెలుస్తుంది, కానీ అది పెట్టేది ఫెయిల్‌బిట్. బ్యాడ్‌బిట్‌కే కాపలా పెట్టినవాళ్లకు ఎక్సెప్షన్ రాదు. ఎక్సెప్షన్లను ఇంతకాలం వెనకేసుకొచ్చిన నేనే, క్లోజ్ తరవాత ఒక ఇఫ్ రాసి తీరాలంటున్నాను. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీలో ఫుల్ అనే ఫైలుంది, ఏం రాయబోయినా డిస్కులో చోటు లేదంటుంది. మీ ప్రోగ్రాం చేత దాంట్లో రాయించి, అంతా బాగుందంటూ ముగుస్తుందేమో చూడండి.