కదురు, పురి, స్పిన్: ఒక పరిభాషా విమర్శ

శాస్త్ర పరిభాషను విమర్శించువారు పదము సంస్కృతమా, దేశ్యమా, ఆంగ్లమా యని విచారించుటతో తృప్తి నొందుచుందురు. ఆ పదము విషయమును కడదాక మోయగలదా యనునదియే అసలు పరీక్ష. క్షారలోహ పరమాణువులకును జడవాయు పరమాణువులకును నడుమ కాంతిబలమున జరుగు స్పిన్ వినిమయము ఇట్టి పరీక్షకు తగిన విషయము.

గాజుపాత్రలోని రుబీడియము ఆవిరిపై సుమారు 795 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమును, వృత్తాకార ధ్రువణమును గల కాంతిని ప్రసరింపజేయుదురు. కాంతికణముల కోణీయ ద్రవ్యవేగమును గ్రహించి రుబీడియము ఎలక్ట్రానుల స్పిన్‌లు అధికభాగము ఒకే దిక్కునకు నిలుచును. ఆ పరమాణువులు హీలియము-3 లేక జినాన్-129 పరమాణువులను ఢీకొన్నప్పుడు ఎలక్ట్రాను స్పిన్ ఒక్కొక్కసారి వాయుకేంద్రకమునకు సంక్రమించును. ఎలక్ట్రాను కోల్పోయినదానిని కాంతి మరల నింపును. ఈ కాంతిపద్ధతికి మూలపురుషుడగు కాస్ట్లర్ 1966లో నోబెల్ బహుమానము నందెను. రుబీడియము మూలమున హీలియము-3 కేంద్రకములను ఇట్లు తీర్చినవారు 1960లో బుషియా, కార్వర్, వార్నమ్‌లు. కాంతికణమునకు స్పిన్ కలదని 1931లో రామన్‌తో గూడి ప్రయోగపూర్వకముగా చూపిన సూరి భగవంతము తెలుగువాడు.

స్పిన్‌కు 'ఆత్మభ్రమణము' అను అనువాదము కలదు. అది బొంగరమును తలపించును. ఎలక్ట్రాను బొంగరమువలె తిరుగుట లేదు. అంతేకాక, ఆంగ్లమున ఆ మాటకు తొలి యర్థము నూలు వడకుట. ఆ యర్థము ఈ యనువాదమున నశించినది. షోలాపూరు నేతపేటలలో తెలుగున చదువుకొను పద్మశాలి బిడ్డకు నష్టమైనది ఇదియే.

అట్లని స్పిన్‌ను 'పురి' యనుటయు తగదు. నూలును తలక్రిందులు చేసినను కుడిపురి కుడిపురియే. కదురును తలక్రిందులు చేసినచో చూచువానికి దాని తిరుగుడు ఎదురగును. కాంతి ధ్రువణము పురివంటిది. పరమాణువు స్పిన్ కదురువంటిది. ఈ భేదమును తెలుపుటకు నేతవాని తెలుగులో రెండు మాటలు సిద్ధముగా నున్నవి. అయినను ఇవి పోలికలే. కదురు నిజముగా తిరుగును, స్పిన్ అట్టి తిరుగుడు కాదు. కావున పేరుగా 'స్పిన్' నిలిచి, వివరణమున కదురు, పురి నిలువవలెను.

'వినిమయము' మాత్రము సార్థకము. ఇచ్చిపుచ్చుకొనుటలో మొత్తము మారదు. 'మార్పిడి' యన్నచో స్పిన్ తలక్రిందగుటయా, చేతులు మారుటయా తెలియదు.

ఇది నేతపేటకు దూరపు విషయము కాదు. ప్రత్తిధూళి ఊపిరితిత్తులకు చేయు కీడు జగమెరిగినది. ఇట్లు తీర్చిన జినాన్‌ను పీల్చిన రోగి ఊపిరితిత్తులలో గాలి చేరని తావులను చిత్రించుటకు అమెరికాలో 2022లో అనుమతి లభించినది. ఆ విద్యను తెలుగున చెప్పదలచినవారు నిఘంటువుతోబాటు మగ్గమునుగూడ సంప్రదింపవలెను.