‘డీకన్’ - ‘పరిచారకుడు’: పదమూలం, అర్థవ్యాప్తి, అనువాద సమస్య

బిషప్పు, ప్రెస్బిటరు, డీకను అనే మూడంచెల గురువ్యవస్థ ఉన్న క్రైస్తవ సంఘాలలో డీకనుది చివరి అంచె. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఈ వ్యవస్థనే అనుసరిస్తుంది. బాప్టిస్టు సంఘాలలో మాత్రం డీకన్లు సాధారణంగా గురువర్గానికి చెందరు. వారు స్థానిక సంఘం ఎన్నుకున్న పెద్దలు. ఒకే పదం ఇన్ని హోదాలకు చెల్లడానికి మూలపదపు అర్థవ్యాప్తి ఒక కారణం.

‘డీకన్’కు మూలం గ్రీకు ‘దియాకొనొస్’. ‘దియా’ (గుండా), ‘కోనిస్’ (దుమ్ము) అని విడదీసి ‘దుమ్ములో పరుగెత్తేవాడు’ అని చెప్పిన వ్యుత్పత్తి ప్రసిద్ధం. అయితే ఉపసర్గలోని అకారం హ్రస్వం, పదంలోనిది దీర్ఘం; అయోనిక్ మాండలికంలోని ‘దియేకొనొస్’ రూపం కూడా దీర్ఘాన్నే చూపుతుంది. కనుక ఈ విభజన నిలవదు. 1990లో జాన్ ఎన్. కాలిన్స్ ‘దియకోనియా’ అనే గ్రంథంలో ఈ పదానికి ప్రధానార్థం దీనమైన సేవ కాదని, ఒకరి పక్షాన అప్పగించిన పనిని నిర్వహించే మధ్యవర్తిత్వమని వాదించాడు.

తెలుగు బైబిలు పాత అనువాదం దీనికి ‘పరిచారకుడు’ అనే పదాన్ని స్వీకరించింది. ‘పరి’ ఉపసర్గపై ‘చర్’ ధాతువు చేరగా ఏర్పడిన ఈ పదంలో చుట్టూ తిరగడం, వెన్నంటి ఉండటం అనే చలనార్థం ఉంది. వాడుకలో సేవకుడనే అర్థమే మిగిలింది. కానా పెండ్లిలో వడ్డించేవారు (యోహాను 2:5), దేవుని పక్షాన అధికారం చేసే పాలకులు (రోమా 13:4), సంఘపు హోదాలో ఉన్నవారు (ఫిలిప్పీ 1:1) - ముగ్గురూ తెలుగులో ‘పరిచారకులే’. 1611 నాటి ఆంగ్లానువాదం ఇదే గ్రీకు పదాన్ని ఈ మూడు చోట్లా వరుసగా ‘సర్వెంట్’, ‘మినిస్టర్’, ‘డీకన్’ అని మూడుగా చీల్చింది.

ఈ చీలిక ఫలితం రోమా 16:1లో కనిపిస్తుంది. అక్కడ పౌలు ఫీబే అనే స్త్రీని ‘దియాకొనొస్’ అన్నాడు. ఫిలిప్పీలో ‘డీకన్’ అన్న ఆంగ్ల పాఠమే ఫీబే దగ్గర ‘సర్వెంట్’ అంది. 1989 నాటి సవరణ ఆంగ్లానువాదం ఆమెను ‘డీకన్’గా గుర్తించింది. తెలుగు పాఠకునికి ఈ తేడా ఎదురుకాదు, ఫీబే ‘పరిచారకురాలు’. ఇంటిపని చేసే స్త్రీని స్ఫురింపజేసే ‘పరిచారిక’ శబ్దం సిద్ధంగా ఉన్నా, ‘ఉపాధ్యాయుడు - ఉపాధ్యాయురాలు’ తరహాలో పుంలింగ రూపానికి సమాంతరమైన శబ్దమే పాఠంలో నిలిచింది. అనువాదకుల ఉద్దేశం ఏదైనా, ఫిలిప్పీలోని పురుషులకు దక్కిన పదమే ఫీబేకూ దక్కింది.

అయితే ఈ ఐక్యతకు మూల్యం ఉంది. లూకా 4:20లో గ్రంథాన్ని అందుకున్న సమాజమందిర సేవకునికి గ్రీకులో వేరే పదం ఉన్నా, తెలుగులో అతడూ ‘పరిచారకుడే’. హోదా ఎక్కడ, సాధారణ సేవ ఎక్కడ అన్నది ఈ పదం చెప్పదు. సంఘాల వ్యవహారంలో ‘డీకన్’ అనే ఎరువుపదానికి అవసరం కలిగించేది ఈ అస్పష్టతే. ఎరువుపదం హోదాను స్పష్టం చేస్తుంది, కానీ ఫీబే వాక్యంతో దాని బంధాన్ని తెంచుతుంది. స్త్రీల గురుత్వాన్ని గురించిన చర్చలో ‘బైబిలులో స్త్రీ డీకన్ లేదు’ అనే వాదన తెలుగు పాఠం ముందు నిలవాలంటే, ‘పరిచారకుడు’, ‘పరిచారకురాలు’ అనే జంటపదాలకు రెండు వేర్వేరు అర్థాలున్నాయని ముందుగా నిరూపించవలసి ఉంటుంది.