దస్త్రం ఎవరిది?

రచయిత చేతిలో వున్న ఉత్పత్తి సాధనం ఏది? ఈ ప్రశ్న వేయగానే మన విమర్శకులు అచ్చుయంత్రం వైపు, పత్రికాధిపతుల వైపు వేలు చూపిస్తారు. పెట్టుబడి చేతిలో పత్రిక ఏమవుతుందో మనం చాలినంత రాశాం. కాని ఇవాళ కవి అయినా కథకుడైనా కూర్చునేది కంప్యూటరు ముందు. అందులో అతని అక్షరాలు ఏ రూపంలో నిలవుంటున్నాయి, పదేళ్ల తర్వాత వాటిని తెరిచే తాళం ఎవరి దగ్గర వుంటుంది అన్న విషయాన్ని మాత్రం డి.టి.పి. చేసే కుర్రాడికి వదిలేసి చేతులు దులుపుకున్నాం. అది సాంకేతిక నిపుణుల వ్యవహారం అనే మాట చెల్లదు. తన రాతప్రతి ఎవరి అధీనంలో వుందో పట్టించుకోని రచయిత ప్రచురణ స్వేచ్ఛ గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే.

సంగతి విప్పి చెప్పుకుందాం. తెలుగు పుస్తకాలు చాలా కాలం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001లో వచ్చింది. తర్వాత కంపెనీ దాన్ని అక్కడే వదిలేసి మరో సరుకు అమ్ముకుంది. ఇక అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా వుండదు. ఆంగ్లాక్షరాల గళ్లలో మన గుణింతాల బొమ్మలు, ఒత్తుల బొమ్మలు పేర్చి పెడతారు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే కవిత వుండవలసిన చోట అర్థంలేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. అందులో ఒక మాట వెతకలేం. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఆ పేజీ ముందు మూగదవుతుంది. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా సీడీల్లో పడివున్న మన పాత సంచికలు ఎన్నో ఇంకా ఆ పాత గళ్లలోనే వున్నాయి. అవి వున్నట్టా, లేనట్టా?

నేను కొంతకాలంగా లిబ్రాఫీసులో, యూనికోడ్‌లో రాస్తున్నాను. ఒక అచ్చాఫీసుకు వ్యాసం పంపితే "అనులో పంపండి సార్" అన్నారు. చివరికి వాళ్లే మార్చుకున్నారు. ప్రూఫు వచ్చేసరికి క్షకారాలు చెదిరి, క్రావడులు పక్క అక్షరం కిందికి చేరి వున్నాయి. కంపోజిటరును తప్పుపట్టి లాభం లేదు. అతని రోజుకూలి అంతా ఆ ఒక్క పనిముట్టుమీద ఆధారపడి వుంది.

ఈ పనిముట్టును ఎవరు ఎంచుకుంటున్నారు? చిల్కూరు వైపు చూస్తే జవాబు దొరుకుతుంది. గండిపేట, మొయినాబాదు చుట్టూ ఎన్నో ఇంజనీరింగు కాలేజీలు. వీసా కోసం చిల్కూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసేవారు, అది చేతికందాక వచ్చి 108 తిరిగేవారు వాటిలోనూ వుంటారు. గుడి గురించి నా అభిప్రాయం ఇక్కడ అప్రస్తుతం. అయితే అక్కడ హుండీ లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా అలాంటిదే, డబ్బు కట్టనక్కరలేనిది అని చదువుకున్నవారే చాలామంది అనుకుంటారు. ఇంగ్లీషులో ఒకే మాట రెండర్థాలూ మోయడం వల్ల వచ్చిన తికమక ఇది. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ పథకాన్ని ప్రకటించాక సాగిన ఉద్యమం అడిగింది, ప్రోగ్రామును నడుపుకునే, విప్పి చూసే, మార్చే, పంచే హక్కు. 2005లో హైదరాబాదులో మొదలై, తెలుగులో నడిచే గ్నూ/లినక్స్‌ను కూర్చి, కాలేజీల్లోకి తీసుకువెళ్లిన సంస్థ తనకు పెట్టుకున్న పేరే 'స్వేచ్ఛ'.

కాని కాలేజీ కుర్రాడు లినక్స్ ఆదేశాలు నేర్చేది పరీక్షకూ ఉద్యోగానికీ. ప్రపంచంలోని పెద్ద కంపెనీల సర్వర్లు దానిమీదే నడుస్తున్నాయి గనుక ఆ విద్యకు అంగట్లో వెల వుంది. గదికి వచ్చి తెరిచే లాప్‌టాపులో మాత్రం దుకాణదారుడు ఎక్కించి ఇచ్చిందే వుంటుంది, లేదా దొంగకాపీ. దొంగకాపీ వాడేవాడు డబ్బు కట్టకపోవచ్చు. అలవాటు కడుతున్నాడు. కంపెనీకి ఆ కప్పం చాలు. ఎంపిక అన్నది అసలు జరగనే లేదు. పక్కనున్న కేరళలో 2001లో మొదలైన 'ఐటీ ఎట్ స్కూల్' పథకం ప్రభుత్వ బడులను గ్నూ/లినక్స్‌కు మళ్లించింది. మన దగ్గర అలాంటి సంకల్పం కనబడలేదు.

అలాగని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఆకాశానికెత్తడం విమర్శ కాదు. పేజీలు కూర్చే స్క్రైబస్‌కు ఏళ్ల తరబడి తెలుగు ఒత్తులు రాలేదు. 2017 నాటి ప్రయోగాత్మక కూర్పులో ఆ శక్తి వచ్చింది, అది స్థిరమైన కూర్పుగా అందింది 2024లో. అంతకాలం అచ్చాఫీసుకు మనం చూపించిన ప్రత్యామ్నాయం ఏమిటి? అక్షరదోషాలు పట్టే సాధనమూ అంతే. తెలుగు మాట విభక్తితో, క్రియతో, సంధితో పెరుగుతూ పోతుంది. 'వెళ్లవలసివచ్చినప్పటికీ' అన్న మాట ఏ జాబితాలో దొరుకుతుంది? ఒక పేజీ రాసేసరికి సగం మాటల కింద ఎర్రగీతలు.

అన్నిటికన్నా మనల్ని తాకవలసింది తెరమీది భాష. దస్త్రం, సవరణ, వీక్షణం, అమరికలు – మెనూల్లోని మాటలివి. 'దస్త్రం' బాగుంది. కచేరీల్లో పుట్టి పెరిగిన మాట, పట్వారీ రోజుల నుంచి చేవెళ్ల రైతు ఎరిగిన మాట. 'వీక్షణం' ఎవరి మాట? 'భద్రపరచు' అనే చోట 'దాచు' అంటే ఏం తక్కువ? గిడుగు రామమూర్తి వందేళ్ల కింద తెలుగు పుస్తకాల విషయంలో చేసిన వాదమే ఇక్కడ మళ్లీ చేయవలసి వస్తోంది. విచిత్రం ఏమంటే, సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి విడుదల చేసిన స్వేచ్ఛా ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు, మరొకటి సురవరం. అక్షరరూపానికి వ్యావహారికవాది పేరు, ఆ అక్షరాలతో రాసిన మెనూలో గ్రాంథికపు వాసన! వాడుకరి రెండు రోజులు చూసి మళ్లీ ఇంగ్లీషు మెనూకు వెళ్లిపోతే ఆశ్చర్యం లేదు.

అయితే ఇక్కడొక తేడా వుంది. కంపెనీ సరుకులో మాట నచ్చకపోతే ఫిర్యాదు రాసి ఎదురుచూడాలి. లిబ్రాఫీసు, ఫైర్‌ఫాక్స్ వంటివాటి అనువాద జాబితాలు తెరిచే వుంటాయి, ఎవరైనా మాట సూచించవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను అందరికీ వదిలారు. వెన్న నాగార్జున పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' రాశారు. వీవెన్ 'లేఖిని' ఇచ్చారు. మెనూల్లో ఇప్పుడున్న మాటలు చాలావరకు ఇంజనీర్లు, విద్యార్థులు తీరిక వేళల్లో పెట్టినవి. మన కవులు, కథకులు పెట్టిన మాట ఒక్కటీ నాకు ఇంతవరకు తగల్లేదు.